పాత కంప్యూటరు కొత్త విండోసును మోయగలదా?

ఈ మధ్య సంఘాల నుంచి వచ్చే ఉత్తరాలలోను, కార్యదర్శుల సమావేశాలలోను ఒకే ప్రశ్న పదే పదే మా ముందుకు వస్తోంది. పాల సేకరణ కేంద్రంలో ఏడెనిమిది సంవత్సరాల క్రితం కొన్న కంప్యూటరు ఉన్నది. ఉదయం, సాయంత్రం అడ్డం తిరగకుండా పనిచేస్తున్నది. కాని దానిలోని విండోస్ 10కు కంపెనీ మద్దతు ముగిసిపోయిందని తెర మీద హెచ్చరిక కనబడుతున్నది. దుకాణం వారిని అడిగితే ఇది పనికిరాదు, తీసేసి కొత్తది కొనండి అంటున్నారు. కొనాలంటే పాలకవర్గ తీర్మానం కావాలి, సొమ్ము కావాలి. ఆ సొమ్ము సభ్యుల బోనసులో తగ్గేదే గాని ఎక్కడినుంచో ఊడిపడేది కాదు. కాబట్టి ఇది కార్యదర్శి ఒక్కరికే వదిలిపెట్టే విషయం కాదు. పాలు పోసే ప్రతివారూ కొంత తెలుసుకుని ఉంటే సర్వసభ్య సమావేశంలో అడగవలసిన ప్రశ్న అడగగలుగుతారు.

ముందుగా ఒక మాట. కంప్యూటరు వేరు, దానిని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ వేరు. కేంద్రంలో కాటా ఉంటుంది, వెన్న శాతం చూసే యంత్రం ఉంటుంది, చీటీ ముద్రించే ప్రింటరు ఉంటుంది. ఇవి ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవు. కాటా చెప్పిన తూకాన్ని, యంత్రం చెప్పిన వెన్న శాతాన్ని బిల్లు లెక్కగట్టే ప్రోగ్రాముకు అందించి, అది తేల్చిన ధరను ప్రింటరుకు పంపే మధ్యవర్తి పని ఆపరేటింగ్ సిస్టమ్ చేస్తుంది. మన సంఘాలలో ఎక్కువ చోట్ల ఈ మధ్యవర్తి విండోస్. విండోస్ 10 వచ్చింది 2015 జూలైలో. విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబరులో. విండోస్ 10కు సాధారణ మద్దతును మైక్రోసాఫ్ట్ కంపెనీ 2025 అక్టోబరు 14న ముగించింది. ఆఫీస్ 2016, ఆఫీస్ 2019 ప్యాకేజీలకు కూడా ఆ రోజుతోనే చెల్లు.

మద్దతు ముగియడమంటే కంప్యూటరు ఆగిపోవడం కాదు. ఈ సంగతి స్పష్టంగా చెప్పకుండా కొందరు అమ్మకందారులు సంఘాలను బెదరగొడుతున్నారు. గాలికుంటు టీకా వేయించని గేదె మర్నాడే పాలివ్వడం మానుతుందా? మానదు. ఎప్పటిలాగే చెంబు నింపుతుంది. కాని రోగం ఊళ్ళోకి వచ్చిన నాడు మందలో మొదట పడిపోయేది అదే. విండోసుకు ప్రతి నెలా వచ్చే సవరణలు అటువంటి టీకాలే. కొత్త లొసుగు బయటపడినప్పుడల్లా దానికి తగిన మందు వస్తుంది. మద్దతు ముగిసిన యంత్రానికి ఆ మందు రాదు.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. 2017 మే నెలలో వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము రెండు మూడు రోజులలో 150 దేశాల దాకా పాకి, రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి, సొమ్ము చెల్లిస్తేనే విప్పుతానని కూర్చుంది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని పాలబడ్డాయి. విచారించదగిన సంగతి ఏమంటే, ఆ లొసుగును పూడ్చే సవరణ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదలై ఉన్నది. వేసుకున్నవారు బయటపడ్డారు. వేసుకోనివారు, మద్దతు లేని పాత విండోసుతో నెట్టుకొస్తున్నవారు చిక్కుకున్నారు. మన కేంద్రంలో అటువంటిది జరిగితే పోయేది బొమ్మలు, పాటలు కాదు. పదిహేను రోజుల బిల్లులో ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, ఎవరికి ఎంత వెన్న వచ్చింది, ఎవరి దాణా బాకీ ఎంత అన్న లెక్క పోతుంది. రెండు గేదెల మీద ఇల్లు గడుపుకునే సభ్యురాలికి ఆ లెక్క ఎంతటిదో వేరే చెప్పనవసరం లేదు.

మరి విండోస్ 11 వేసుకుంటే సరిపోతుంది గదా, అసలు విండోస్ 10 ఉన్నవారికి అది ఉచితమే గదా అనవచ్చు. నిజమే, ఉచితమే. చిక్కు అక్కడ లేదు, యంత్రంలో ఉన్నది. వెనుకటి రోజులలో కొత్త విండోస్ రాగానే కాస్త జ్ఞాపకశక్తి పెంచితే పాత యంత్రం కూడా దానిని మోసేది. విండోస్ 11 విషయంలో కంపెనీ గట్టి నిబంధనలు పెట్టింది. 4 జీబీల ర్యామ్, 64 జీబీల నిలువ స్థలం అన్నవి పెద్ద అడ్డంకులు కావు. అసలు అడ్డంకులు రెండు. ఒకటి టి.పి.ఎమ్. 2.0 అనే భద్రతా భాగం. రెండవది, ప్రాసెసరు కంపెనీ ఒప్పుకున్న జాబితాలో ఉండడం.

టి.పి.ఎమ్. అంటే తాళం చెవులు దాచుకునే చిన్న ఇనప్పెట్టె వంటిది. రహస్య సంకేతాలను మిగతా యంత్రానికి అందకుండా విడిగా ఉంచుతుంది. కంప్యూటరు మొదలయ్యేటప్పుడే ఎవరైనా దొంగ ప్రోగ్రామును చొప్పించారా అన్నది తేల్చుకోవడానికి తోడ్పడుతుంది. ప్రాసెసరు విషయానికి వస్తే, ఇంటెల్ వారివి కొద్ది మినహాయింపులు తప్ప ఎనిమిదవ తరం నుంచి, అంటే 2017 చివరిభాగంలో మొదలైన రకాల నుంచి ఒప్పుకుంటారు. ఎ.ఎమ్.డి. వారివి దాదాపుగా రైజెన్ 2000 వరుస నుంచి.

ఇందులో మాకు నచ్చని సంగతి ఒకటి ఉన్నది, చెప్పక తప్పదు. ఈ నిబంధన యంత్రం బలాన్ని చూడదు. ఏడవ తరపు ఐ7 ప్రాసెసరుతో 16 జీబీల ర్యామ్‌తో బలంగా ఉన్న కంప్యూటరును కాదంటుంది. దానిలో పావు వంతు పని చేయలేని సెలరాన్ ఎన్4000 ఉన్న చిన్న యంత్రాన్ని ఔనంటుంది. పూటకు ఎనిమిది లీటర్లు ఇచ్చే గేదె చెవికి బిళ్ళ లేదని బీమా వారు కాదని, ఒట్టిపోవడానికి సిద్ధంగా ఉన్న గేదెకు బిళ్ళ ఉన్నదని రాసుకున్నట్టే ఇది. ఐతే బీమా వారి లెక్క వారికి ఉంటుంది. బిళ్ళ లేకపోతే ఏ గేదె ఏదో తెలియదు. కంపెనీ కూడా కొత్త ప్రాసెసర్లలోనే సరిగా నడిచే భద్రతా ఏర్పాట్లను ఆధారం చేసుకుని ఈ గీత గీశామని చెబుతోంది. వాదన సబబే అనుకున్నా, ఆ గీతకు అటు పడిన యంత్రాలు మాత్రం చెడిపోయిన యంత్రాలు కావు.

మీ కేంద్రంలోని యంత్రం గీతకు ఎటు ఉన్నదో మీరే చూసుకోవచ్చు. ప్రాసెసరు పేరు పక్కన నాలుగైదు అంకెలు ఉంటాయి. ఐ5-8500 అంటే మొదటి అంకె 8, కాబట్టి ఎనిమిదవ తరం. ఐ3-7100 అంటే ఏడవ తరం. ఐ5-10400 అని ఐదంకెలుంటే మొదటి రెండూ కలిపి చదవాలి, అది పదవ తరం. అంకెలు మూడే ఉంటే మరీ మొదటి కాలపుది. కేవలం ఐ5 అని చెప్పి అమ్మేవారు చాలామంది ఉన్నారు. ఈనిన ఈతలెన్నో చెప్పకుండా గేదెను అమ్మజూపడం వంటిదది. తరం అంకె చూడనిదే బేరం చేయకండి. ఇక టి.పి.ఎమ్. సంగతి. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీటను, ఆర్ అక్షరాన్ని కలిపి నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో టి, పి, ఎమ్, చుక్క, ఎమ్, ఎస్, సి అని వరసగా కొట్టితే ఆ భాగం ఉన్నదీ లేనిదీ, ఉంటే ఎన్నవ రకమో తెలుస్తుంది. లేదని వచ్చినా నిరాశ పడనక్కరలేదు. చాలా యంత్రాలలో అది ఉండి కూడా మూసివేసి ఉంటుంది. ఇంటెల్ వారు దానిని పి.టి.టి. అనీ, ఎ.ఎమ్.డి. వారు ఎఫ్.టి.పి.ఎమ్. అనీ పిలుస్తారు. యంత్రం మొదలయ్యేటప్పుడు వచ్చే బయాస్ అమరికలలో తెరవవచ్చు. ఈ ఒక్కటి చేయకనే పనికిరాదని తేల్చేసినవారున్నారు. మైక్రోసాఫ్ట్ వారి పి.సి. హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రాము కూడా ఔనో కాదో చెప్పి, కాదంటే ఎందుకో చెబుతుంది.

నిబంధనలను తప్పించి విండోస్ 11ను బలవంతంగా ఎక్కించే ఉపాయాలు కూడా లేకపోలేదు. పట్టణంలో ఏ కుర్రవాడైనా గంటలో చేసిపెడతాడు. ఇంట్లో వాడుకునే యంత్రానికి అది మీ ఇష్టం. సంఘం బిల్లులు నడిచే యంత్రానికి మాత్రం మేము సలహా ఇవ్వము. అటువంటి యంత్రానికి సవరణలు వస్తాయని కంపెనీ హామీ ఇవ్వడం లేదు. హామీ కోసమే గదా మనం మారుతున్నది! పైగా 2024లో వచ్చిన 24హెచ్2 రకం నుంచి ప్రాసెసరులో కొన్ని కొత్త ఆదేశాలు లేకపోతే విండోస్ అసలు మొదలే కాదు. కోర్ టూ డుయో వంటి పాత యంత్రాలకు ఆ ఉపాయం కూడా అక్కడితో మూసుకుపోయింది.

యంత్రం అర్హమైనదే అని తేలినా తొందరపడి మార్చరాదు. ఇక్కడే చాలామంది చూడని గుంట ఉన్నది. విండోస్ 11 కేవలం 64 బిట్ల రకం. మన కేంద్రాలలో కొన్నిచోట్ల యంత్రం 64 బిట్లదే అయినా అందులో వేసిన విండోస్ 32 బిట్లది. అటువంటి చోట పాతదాని మీదనే కొత్తది ఎక్కించడం కుదరదు, మొదటి నుంచి వేయాలి. 64 బిట్ల విండోసులో మామూలు 32 బిట్ల ప్రోగ్రాములు నడుస్తాయి గాని, డాస్ కాలపు 16 బిట్ల ప్రోగ్రాములు నడవవు. పాత ఫాక్స్‌ప్రోలో రాయించిన బిల్లుల ప్రోగ్రాములు ఇంకా వాడుతున్న సంఘాలు ఈ మాట రెండుసార్లు చదవాలి. డాస్‌బాక్స్ వంటి ప్రోగ్రాము లోపల వాటిని నడిపించవచ్చు. కాని చీటీ ముద్రణ, కాటా తీగ అందులో సరిగా పలుకుతాయో లేదో పరీక్షించకుండా నమ్మరాదు.

తీగల సంగతి మరింత ముఖ్యం. కాటా, వెన్న యంత్రం తొమ్మిది సూదుల సీరియల్ తీగతో వస్తాయి. కొత్త కంప్యూటర్లలో ఆ రంధ్రం ఉండడం తక్కువ గనుక మధ్యలో యు.ఎస్.బి. మార్పిడి తీగ పెడతారు. ఈ తీగల లోపల చిన్న చిప్పు ఉంటుంది. పి.ఎల్. 2303 అనే చిప్పులో పాత రకాలకు కొత్త విండోస్ డ్రైవర్లు మద్దతు ఇవ్వవు. విండోస్ 10లో ఏదో సర్దుబాటుతో నడిచిన తీగ విండోస్ 11లో మొరాయించవచ్చు. తీగ ఖర్చు చిన్నదే. కాని తెల్లవారుజామున సభ్యులు క్యాన్లతో వరుసలో నిలబడి ఉండగా కాటా అంకె తెర మీదికి రాకపోతే ఆ చిన్న తీగే పెద్ద తగాదా అవుతుంది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుకు కూడా 64 బిట్ల డ్రైవరు దొరుకుతుందో లేదో ముందే విచారించండి. ప్రోగ్రాము ఇచ్చిన సంస్థను, ఇది విండోస్ 11లో మా కాటాతో, మా యంత్రంతో నడుస్తుందా అని అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోనులో ఇచ్చిన మాట ఆడిటరు ముందు నిలబడదు.

మార్చేనాడు అనుసరించవలసిన పద్ధతి ఒకటి మాకు బాగా నచ్చింది. పాత హార్డ్ డిస్కును చెరపకండి. దానిని విప్పి, తేదీ రాసిన చీటీ అంటించి, బీరువాలో పెట్టండి. దాని స్థానంలో కొత్త ఎస్.ఎస్.డి. బిగించి కొత్త విండోసును దాని మీద వేయించండి. ఏదైనా బెడిసికొడితే పావుగంటలో పాత డిస్కు మళ్ళీ బిగించుకుని పూట గడుపుకోవచ్చు. ఎస్.ఎస్.డి. వలన మరో లాభం కూడా ఉన్నది. పాత యంత్రం నత్తనడక నడవడానికి చాలా సందర్భాలలో కారణం ప్రాసెసరు కాదు, తిరిగే హార్డ్ డిస్కు. అది మార్చి, ర్యామ్‌ను 8 జీబీలకు పెంచితే ఎనిమిదవ తరపు యంత్రం కొత్తదానిలా కదులుతుంది. నిబంధనలో 4 జీబీలు చాలునని ఉన్నా, దానితో పని చేయవచ్చు గాని ఓపిక కావాలి. ఇదంతా బిల్లు ముగిసిన మర్నాడు, సాయంత్రపు సేకరణ అయ్యాక మొదలుపెట్టాలి. బిల్లు మధ్యలో మార్చరాదు. మర్నాటి ఉదయానికి చేతి రిజిస్టరు, ముద్రించిన ధరల పట్టిక సిద్ధంగా ఉండాలి. రెండు పూటలు చేతితో కూడా రాసి, కంప్యూటరు చీటీతో సరిచూస్తే సభ్యులకూ నమ్మకం కుదురుతుంది.

ఇక గీతకు అవతల పడిన యంత్రాల మాట. వీటికి మూడు దారులున్నాయి. మొదటిది సొమ్ము కట్టి విండోస్ 10కే సవరణలు తెప్పించుకోవడం. ఇళ్ళలో వాడుకునేవారికి 2026 అక్టోబరు 13 వరకు ఈ ఏర్పాటు ఉన్నట్టు కంపెనీ ప్రకటించింది. 30 డాలర్లు కట్టి గాని, కొన్ని షరతుల మీద ఉచితంగా గాని పొందవచ్చు. కాని సంఘం ఇల్లు కాదు, సంస్థ. సంస్థలకు మొదటి సంవత్సరం యంత్రానికి 61 డాలర్లు, ఆ తరువాత ఏటేటా రెట్టింపు, మూడేళ్ళకు మించి లేదు. అంటే 61, 122, 244, మొత్తం 427 డాలర్లు. రెండవ సంవత్సరంలో చేరినా మొదటి సంవత్సరపు సొమ్ము కూడా కట్టాలి. ఆ మొత్తానికి గీతకు ఇవతల ఉండే వాడిన కంప్యూటరు నిక్షేపంగా వస్తుంది. ఒక సంవత్సరం గడువు తెచ్చుకోవడానికి తప్ప ఇది మనకు గిట్టుబాటు కాదని మా అభిప్రాయం.

రెండవ దారి లినక్స్. ఇది ఉచితం, సవరణలు కూడా ఉచితం, టి.పి.ఎమ్. అడగదు. లినక్స్ మింట్ 22 రకానికి 64 బిట్ల యంత్రం, 2 జీబీల ర్యామ్ ఉంటే చాలు. 4 ఉంటే సుఖం. మన దేశంలోనే సి-డాక్ వారు బాస్ అనే లినక్సును భారతీయ భాషలతో తయారు చేశారు. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు ఏళ్ళ తరబడి లినక్సు మీదనే చదువుకుంటున్నారు, కనుక అలవాటు కాదేమో అన్న బెంగ అక్కరలేదు. పెన్‌డ్రైవులో వేసుకుని, డిస్కును ముట్టుకోకుండా ఒక సాయంత్రం నడిపి చూడవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవు తీసి మళ్ళీ మొదలుపెడితే పాత విండోసే వస్తుంది. సీరియల్ తీగలతో లినక్సుకు మంచి స్నేహం. ఐతే అసలు ప్రశ్న వేరే ఉన్నది. మీ బిల్లుల ప్రోగ్రాము విండోసు కోసం రాసినదైతే లినక్సులో నేరుగా నడవదు. వైన్ అనే సాధనంతో కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు. సర్వసభ్య సమావేశపు నోటీసులను అను ఫాంట్లలో టైపు చేసుకునే అలవాటున్నవారు కూడా ఆలోచించుకోవాలి. అది విండోసు సాధనం. లినక్సులో యూనికోడ్ తెలుగు చక్కగా వస్తుంది గాని కీబోర్డు వరుస కొత్తగా అలవాటు చేసుకోవలసి ఉంటుంది. కాబట్టి ఉత్తరాలు, లెక్కల పట్టికలు, ఇంటర్నెట్టు పనికి వాడే రెండవ కంప్యూటరుకు లినక్సు నిస్సందేహంగా వేసుకోండి. కాటా ముందున్న యంత్రానికి ప్రోగ్రాము వారు ఔనంటేనే.

మూడవది అందరికన్నా పేద దారి, కాని చిన్న సంఘాలకు పనికొచ్చేది. పాత యంత్రాన్ని అలాగే ఉంచి ఇంటర్నెట్టు తీగ పీకివేయడం. దాని పని తూకం, వెన్న, చీటీ, అంతే. బ్యాంకుకు పంపే జాబితా, సమాఖ్యకు పంపే లెక్క వేరే మంచి యంత్రం నుంచి వెళ్ళాలి. ఇక్కడ కాపలా అంతా పెన్‌డ్రైవు దగ్గరే. సంఘానికి ఒకటే పెన్‌డ్రైవు, దాని మీద సంఘం పేరు, అది కార్యదర్శి చేతిలోనే ఉండాలి. పెళ్ళి ఫొటోలు, సినిమాలు తెచ్చిన పెన్‌డ్రైవు దానికి తగిలించారా, తీగ పీకిన లాభం పోయినట్టే. 32 బిట్ల ప్రాసెసరు మాత్రమే ఉన్న మరీ పాత యంత్రాలకు ఇక మిగిలిన దారి దాదాపు ఇదే. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 లినక్సు కూడా వాటి మీద వేసుకునే వీలు తీసివేసింది.

పాత యంత్రం ఉంచుకునేవారికి ఒక చిన్న సంగతి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి పోతూ ఉంటే అది విండోసు జబ్బు కాదు, యంత్రం ముసలితనమూ కాదు. లోపలి బోర్డు మీద నాణెంలాంటి సి.ఆర్. 2032 బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోయిందన్న మాట. గోడ గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది. ఆ చిన్న బ్యాటరీ మార్చక, ఎప్పటిదో తేదీతో చీటీలు ముద్రించి, బిల్లునాడు లెక్క కలవక తల పట్టుకోవడం ఎందుకు?

వాడిన కంప్యూటరు కొనదలచిన సంఘాలు ఎనిమిదవ తరం లేదా ఆ పైది, టి.పి.ఎమ్. 2.0 తెరిచి చూపించినది, అసలు లైసెన్సుతో విండోస్ 11 నడుస్తున్నది మాత్రమే తీసుకోవాలి. బిల్లు మీద ప్రాసెసరు అంకెలు పూర్తిగా రాయించుకోండి. పాత యంత్రాన్ని మార్పిడి కింద ఇచ్చేటప్పుడు దాని డిస్కును ఇవ్వకండి. అందులో సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లు, ఆధార్ నంబర్లు ఉంటాయి. మామూలుగా చెరిపినవాటిని తిరిగి బయటికి తీయడం కష్టమేమీ కాదు. డిస్కును విప్పి సంఘంలోనే ఉంచుకుని, లెక్కల తనిఖీ పూర్తయ్యాక పాలకవర్గం ఎదుట పగలగొట్టించి, ఆ సంగతి మినిట్సు పుస్తకంలో రాయండి.